వేపపూల కుండ

మొగుడూ పెళ్ళాం ఒకే కంచంలో అన్నం తింటారని మా లంకలో అంతవరకూ ఎవరూ కనలేదు, వినలేదు. ఆ చోద్యం మా ఇంట్లోనే చూడాల్సి వచ్చింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక రెండో వేసవి. శివరాత్రి వెళ్ళిన నాలుగోనాడు మా మరిది కనకరాజు రంగం నుంచి దిగాడు. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. యుద్ధం ఆగిన ఏడాది అక్కడి బియ్యం మిల్లులో పనికని ఓడెక్కినవాడు తొమ్మిదేళ్ళకి విశాఖపట్నంలో ఓడ దిగి, ఏలూరులో రైలు దిగి, కొల్లేటి మీద దోనె కట్టించుకుని ఇంటికొచ్చాడు. వెంట ఒక రేకుపెట్టె, ఒక కాగితం గొడుగు, ఆ గొడుగు నీడన ఏడోనెల కడుపుతో ఒక బర్మా పిల్ల.

ఆ పిల్ల గడప బయటే చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, మా అత్తగారు వెంకటనరసమ్మ పాదాల ముందు నేలకి నుదురు ఆనించి మూడుసార్లు మొక్కింది. మా అత్తగారు ఒక అడుగు వెనక్కి వేసింది. తిట్టడానికి నోరు సిద్ధం చేసుకుని వచ్చిన మనిషి, పాపం, ఆ నోటిని ఏం చేసుకోవాలో తెలియక నిలబడిపోయింది.

"పేరేంటే?" అంది చివరికి.

"మాఖిన్ అండీ."

"నాకు నోరు తిరగదు. గంగారత్నం అంటాం. పలుకుతావా?"

"పలుకుతానండీ అత్తయ్యా."

తెలుగే! వాళ్ళమ్మ రంగంలో మిల్లు గేటు దగ్గర కూలీలకి ఫలహారాలు అమ్మేదట. ఆ కూలీల్లో సగం మంది మన గోదావరి జిల్లాలవాళ్ళే. అలా వచ్చింది భాష. తరవాత దొడ్లో అంట్లు తోముకుంటూ నాతో అంది, "అక్కా, మా దేశంలో పెళ్ళయితే పేరు మారదు. ఇంటిపేరు అనేదే లేదు. అమ్మాయి అత్తారింటికి వెళ్ళదు, అబ్బాయే మా ఇంటికొస్తాడు."

"అలా అయితే మీ అత్తలు ఎవర్ని సాధిస్తారే?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నాకప్పటికి ఇరవై రెండేళ్ళు. మా ఆయన పెద్దిరాజుతో కాపరానికొచ్చి ఐదేళ్ళయింది. కడుపు పండలేదు. మా ఇంట్లో పుట్టబోయే మొదటి బిడ్డ ఆ పిల్ల కడుపులో ఉంది. కడుపు మండలేదా అంటే మండింది, అబద్ధమెందుకు? కానీ ఆ పిల్ల ఎంతోసేపు మండనిచ్చేది కాదు. అక్కా అక్కా అంటూ వెనకాలే తిరిగేది.

ఇల్లు సర్దుకోవడం దగ్గర మొదలయింది తంటా. వచ్చిన మర్నాడే పెట్టెలోంచి చేతెడు చెక్క బుద్ధుణ్ణి తీసి, గోడకి తలకన్నా ఎత్తున బల్ల కొట్టించి పెట్టుకుంది. మా అత్తగారు చూసింది. "దశావతారాల్లో ఆయనా ఒకడేగా, మనవాడే. కానీ దేవుళ్ళందరూ ఒక చోట ఉండాలి" అని ఆ బొమ్మని తెచ్చి, వంటింటి మూల పీట మీద వెంకటేశ్వరస్వామి పటం పక్కన కింద పెట్టేసింది. ఆ రోజు నుంచి గంగారత్నం తన చాప అటు తిప్పీ ఇటు తిప్పీ, కాళ్ళు వంటింటి వైపు రాకుండా చూసుకుని పడుకునేది. దేవుడికన్నా తల ఎత్తులో ఉండటం వాళ్ళకి తప్పట. అంచేత మా వంటింట్లోకి వచ్చినప్పుడల్లా, అంత కడుపుతోనూ వొంగి నడిచేది.

వీధి అరుగు మీద దారినపోయేవాళ్ళ కోసం మంచినీళ్ళ కుండ, మీద చిప్ప పెట్టింది. వాళ్ళ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ ఉంటుందట. "చుట్టూ కొల్లేరు పెట్టుకుని చలివేంద్రం ఏమిటే?" అని మా అత్తగారు దాన్ని లోపలికి తెచ్చేసింది. నేను వాకిట్లో ముగ్గేస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని చూసేది. అందరూ దాన్ని తొక్కుకుంటూ పోతుంటే ఆ పిల్ల ప్రాణం గిలగిల్లాడేది. "తొక్కేదానికి ఎందుకు వేస్తావక్కా?" అనేది. ఏం చెప్పను? నాకూ తెలియదు. తను మాత్రం ముగ్గు పక్కనించి వొళ్ళు ఒదిగించుకుని నడిచేది.

ఇక కంచం సంగతి. మొదటి రోజు మగవాళ్ళకి వడ్డిస్తుంటే ఈ పిల్ల వెళ్ళి మొగుడి ఎదురుగా కూర్చుంది. కనకరాజు తన కంచం ఇద్దరి మధ్యకీ జరిపాడు. కొర్రమేను ముల్లు తీసి ఆమె వైపు పెట్టాడు. మా ఆయన తల దించుకుని పెరుగు పోసుకోకుండానే లేచిపోయాడు.

"సిగ్గు లేదట్రా?" అంది మా అత్తగారు.

"అక్కడ అందరూ ఇలాగే తింటారమ్మా. కలిసి తింటే పోట్లాట రాదంటారు."

"ఇక్కడ మీ నాన్నా నేనూ ముప్ఫై ఏళ్ళు విడివిడిగా తిన్నాం. ఏం పోట్లాడుకున్నాం?"

"మీరు అసలు మాట్లాడుకుంటేగా!" అన్నాడు వాడు నవ్వుతూ. ఆవిడ మొహం చిన్నబోయింది. ఆ తరవాత వాళ్ళిద్దరి అన్నం గదిలోకి వెళ్ళింది. ఒకే కంచం, తలుపు వేసుకుని.

అయినా చెప్పొద్దూ, ఆ పిల్లకి ఉన్న ఆశ ఒక్కటే. తనకంటూ ఒక ఇల్లు. తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో కనకరాజుకి పని కుదిరేట్టు ఉంది. కాన్పయ్యాక అక్కడ కాపురం. బొగ్గుముక్కతో దొడ్డిగోడ మీద ఆ ఇల్లు గీసి చూపించేది. "ఇక్కడ బుద్ధుడి బల్ల. పైన. ఇక్కడ నీళ్ళకుండ. ఇక్కడ బాబు ఉయ్యాల. ఇక్కడ నువ్వొస్తే నీ చాప." మా అత్తగారు వచ్చే అలికిడయితే తడిగుడ్డతో తుడిచేసేది. మర్నాడు మళ్ళీ గీసేది.

తొలికాన్పుకి పుట్టింటికి పంపాలి కదా. ఈ పిల్లకి పుట్టిల్లు సముద్రం అవతల ఉంది. "నీ పుట్టిల్లు నేనే అనుకోవే" అన్నాను ఒకరోజు తల దువ్వుతూ. ఆ మాట ఆ పిల్ల ఎంత గట్టిగా పట్టుకుందో తరవాత తెలిసింది.

మన్మథ ఉగాది వచ్చింది. మా ఆయన వేపకొమ్మలు విరిచి తెస్తే గంగారత్నం నాతో కూర్చుని పువ్వు రాల్చింది. పచ్చడి నోట్లో వేసుకుని మొహం అష్టవంకర్లు పెట్టింది. మా అత్తగారు కూడా నవ్వేసింది ఆ రోజు. "కొత్త సంవత్సరానికి మీకు వేపపువ్వా అక్కా?" అని అడిగింది. అవునన్నాను. "మాకూ వస్తుంది కొత్త సంవత్సరం, ఇంకో ఇరవై రోజుల్లో. ఇంటి ముందు కుండలో పచ్చని ఆకులూ పువ్వులూ పెడతాం. పైనించి దేవుడు దిగి వచ్చి ఇల్లిల్లూ చూస్తాడు. కుండ ఉన్న ఇంటిని చల్లగా ఉంచుతాడు" అంది. నేను ఊఁ కొట్టాను. విన్నానా అంటే విన్నాను, మనసులో పెట్టుకోలేదు.

ఏప్రిల్ నెల సగానికి వస్తుండగా మా అత్తగారు ద్వారకా తిరుమల బయలుదేరింది. కొడుకు క్షేమంగా ఇల్లు చేరితే తలనీలాలిస్తానని మొక్కు. కాన్పు నెల్లాళ్ళుంది, ఈలోగా తీర్చేసి రావాలని. మా ఆయన తోడు వెళ్ళాడు. కనకరాజు వాళ్ళతోనే ఏలూరుదాకా వెళ్ళి, అటునించి గూడెం మిల్లుకి. మూడు రోజుల్లో అందరూ వచ్చేస్తారు. పడవ ఎక్కుతూ మా అత్తగారు, "అవతలి లంకలో వీరరాఘవమ్మకి చెప్పి ఉంచాను. పిల్లకి ఏ మాత్రం తేడాగా ఉన్నా కబురు పెట్టు" అంది. వీరరాఘవమ్మ మా చుట్టుపక్కల లంకలన్నిటికీ మంత్రసాని.

రెండోరోజు తెల్లవారుతూ నేను లేచేసరికి గంగారత్నం వాకిట్లో ఉంది. నేను రాకముందే ఊడ్చి కళ్ళాపి చల్లింది. నేను ముగ్గు డబ్బా పట్టుకుని గడప దాటాను.

గుమ్మం పక్కన కొత్త కుండ. దానికి పసుపు పూసింది, బొట్లు పెట్టింది, మా పద్ధతి చూసి నేర్చుకుంది కదా. నిండా నీళ్ళు. నీళ్ళలో పూలతో సహా వేపమండలు, ఇంతింత.

పసుపు కుండా, వేపమండలూ గుమ్మంలో ఉన్నాయంటే మావైపు ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని అర్థం. మశూచి. పేరు కూడా ఎత్తరు. దూరం నుంచే దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. ఆ ఇంటి చుట్టుపక్కల తాలింపు కూడా వెయ్యరు.

"ఇవాళ మా సంవత్సరాది అక్కా" అంది గంగారత్నం. "మా ఆకులు ఇక్కడ దొరకవు. మీ కొత్త సంవత్సరానికి వేపపువ్వేగా, అందుకే అది పెట్టాను. బాగుందా?"

తీసెయ్యవే అనడానికి నోరు తెరిచాను. ఆ పిల్ల మొహం చూశాను. వచ్చి రెండు నెలలయింది, తను పెట్టింది పెట్టినచోట ఒక్కటీ ఉండలేదు ఆ ఇంట్లో. బుద్ధుడు దిగిపోయాడు, నీళ్ళకుండ లోపలికి పోయింది, గోడమీది బొమ్మ రోజూ చెరిగిపోతోంది. ఇవాళ అత్తగారు లేదు. మా ఇల్లు లంకకి ఆ చివర, ఇటు వచ్చేవాళ్ళెవరు? ఒక్క పూట ఉండనిస్తే ఏం పోయింది, మధ్యాహ్నం నేనే తీసి లోపల పెడతాను అనుకున్నాను.

"బాగుందే" అన్నాను. కుండ చుట్టూ ముగ్గు కూడా వేశాను.

పొద్దు బారెడెక్కకుండానే ఆ పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. నెల తక్కువ కదా, ఉత్త నొప్పులేమో అనుకున్నాను. చూస్తూండగానే ఉమ్మనీరు పోయింది. నేను పెరటి రేవులోకి పరిగెత్తాను. జోగారావు దోనె మీద వలలకి పోతున్నాడు. "అన్నయ్యా, వీరరాఘవమ్మ పిన్నికి చెప్పు, నొప్పులొచ్చాయని! వెంటనే రమ్మను!" అని అరిచాను. అతను గెడ అటు తిప్పడం చూసి లోపలికొచ్చాను.

వీరరాఘవమ్మ రావడానికి రెండు గంటలు పడుతుంది. రెండు గంటలయింది. మూడయింది. గంగారత్నం నా చెయ్యి వదలదు. "అక్కా, వస్తోందా?" అంటుంది. "వస్తోందే" అంటాను. పిల్లల్లేనిదాన్ని, ఒక కాన్పు దగ్గర నన్ను నిలబడనిచ్చినవాళ్ళు లేరు. నీళ్ళు కాచడం తప్ప నాకేమీ తెలియదు. ఒకసారి నొప్పి కాస్త తెరిపిచ్చినప్పుడు, "కుండలో నీళ్ళు పొయ్యి అక్కా, ఎండకి పూలు వాడిపోతాయి" అంది.

"పోస్తాలే" అన్నాను. అప్పుడైనా నాకు బుద్ధి వెలగాలా? వెలగలేదు.

పొద్దు వాలింది. ఇక ఆగలేక, చెయ్యి విడిపించుకుని వీధిలోకి పరిగెత్తాను. పది బారల అవతల పక్కింటి పెద్దింటమ్మ నిలబడి ఉంది. తలారా స్నానం చేసి, తడి బట్టతో, మా ఇంటి వైపు రెండు చేతులూ జోడించి.

"అత్తా! ఇంకా రాలేదు, వీరరాఘవమ్మ పిన్ని ఇంకా రాలేదు!" అన్నాను.

"వచ్చిందే తల్లీ, మధ్యాహ్నమే వచ్చింది. వీధి రేవులోంచే చూసి, దణ్ణం పెట్టి తిరిగిపోయింది. ఎవరికే? ఆ పిల్లకేనా? తల్లి చల్లగా చూడాలి."

నేను వెనక్కి తిరిగి గుమ్మం చూశాను. ఆ కుండని ఎత్తి ఎలా తీసుకెళ్ళానో, కొల్లేట్లో ఎక్కడ పారేశానో నాకు జ్ఞాపకం లేదు. "అమ్మవారు లేదు! అమ్మవారు లేదు!" అని అరుస్తూనే ఉన్నానట. పెద్దింటమ్మ ఇంట్లోకి ఒక్క పరుగున వచ్చింది. ఆమె కొడుకు దోనె వేసుకుని వెళ్ళాడు.

వీరరాఘవమ్మ వచ్చేటప్పటికి దీపాలు పెట్టే వేళయింది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. తల్లి దక్కింది. మగపిల్లాడు. ఏడవలేదు.

వీరరాఘవమ్మ గుమ్మంలో కూలబడి తల బాదుకుంది. "వాకిట్లో కుండ చూసి మళ్ళిపోయానే. పొద్దున్నే ఇంకో ఇంట్లో పసిగుడ్డుకి నీళ్ళు పోసొచ్చిన చేతులే ఇవి. అమ్మవారున్న ఇంట్లో ఎలా పెట్టను? ఒక్కరైనా కేకెయ్యలేదేమే!" అంది. లోపల గంగారత్నం కళ్ళు తెరుచుకునే ఉంది.

మూడోరోజు మా అత్తగారు గుండుతో, ప్రసాదం మూటతో పడవ దిగింది. రేవులోనే చెప్పారు. లోపలికొచ్చి గంగారత్నం తల మీద చెయ్యి వేసింది. ఏడవలేదు. దొడ్లోకి వచ్చి, అంట్లు తోముతున్న నా వెనక నిలబడింది.

"ఆ పొద్దున ముగ్గేసింది నువ్వే కదే?"

"నేనేనండీ" అన్నాను.

"ఊఁ" అంది.

అంతే. ఇంకొక్క మాట అడగలేదు. నేను పీచుతో అదే గిన్నె తోముతూ కూర్చున్నాను.

కనకరాజు సాయంత్రం వచ్చాడు. పని కుదిరింది, గూడెంలో ఇల్లు మాట్లాడాడు, బజార్లో ఒక పెద్ద సత్తు కంచం కొన్నాడు, ఇద్దరికీ సరిపడేది. అది చంకలో పెట్టుకునే రేవులో దిగాడు. ఊరు ఊరంతా కుండ సంగతి చెప్పింది. వాడు ఇంట్లోకొచ్చి, "ఎవరు పెట్టారది? గుమ్మంలో ఆ కుండ ఎవరు పెట్టారు?" అని అరిచాడు.

గదిలో గంగారత్నం లేచి కూర్చోబోయింది. నేను గోడకి ఆనుకుని ఉన్నాను. చెప్పాలి, ఆ పిల్లకి తెలియక పెట్టింది, నాకు తెలిసీ ఉంచాను అని చెప్పాలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నేనే పెట్టమన్నానురా" అంది మా అత్తగారు. "కొండకి వెళ్ళేముందు అమ్మకి మొక్కుకున్నాను, కుండ పెట్టమని కోడళ్ళకి చెప్పి వెళ్ళాను. ఇలా అవుతుందనుకోలేదు."

కనకరాజు తల్లిని అనరాని మాటలన్నాడు. ఆ పిల్ల పెట్టిన ప్రతిదీ తీసి పారేశావు, చివరికి బిడ్డని కూడా, అన్నాడు. ఆవిడ ప్రసాదం మూట విప్పుతూ అన్నీ వింది. ఆ రోజు నుంచి వాడు తల్లితో మాట్లాడలేదు. గూడెం పనీ వద్దన్నాడు. వైశాఖం నడిమికి రంగం ఓడకి టిక్కెట్లు తెచ్చాడు.

వాళ్ళు వెళ్ళే రోజు వాడు ముందే దోనెలో పెట్టె పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు. గంగారత్నం బుద్ధుణ్ణి కొంగులో కట్టుకుని, వచ్చిన రోజులాగే మా అత్తగారికి మూడుసార్లు మొక్కింది. లేవకుండానే మెల్లిగా అంది.

"అత్తయ్యా, కుండ పెట్టింది నేను. ఓడెక్కాక ఆయనకి చెప్పేస్తాను."

మా అత్తగారు గబుక్కున ఇంట్లోకి వెళ్ళి, అటకమీద వదిలేసిన ఆ సత్తు కంచం తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"చెప్పకు. నా మీద కోపం నాతోనే పోతుంది. నీ మీద కోపం పెట్టుకుంటే రోజూ ఒక కంచంలో ఎలా తింటారే?"

అంతవరకూ ఆ పిల్ల కన్నీరు ఎవరూ చూడలేదు. అప్పుడు చూశాం. నన్ను కావిలించుకుని, "నువ్వే నా పుట్టిల్లు అక్కా, ఆ రోజు నా చెయ్యి వదల్లేదు నువ్వు" అంది. దోనె కదిలింది. కిక్కిస పొదల మలుపు తిరిగేదాకా కాగితం గొడుగు కనపడింది.

కనకరాజు మళ్ళీ రాలేదు. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరికీ వీరరాఘవమ్మే నీళ్ళు పోసింది. వాళ్ళు వెళ్ళిన నాలుగేళ్ళకి మా అత్తగారు మంచం పట్టింది. రంగానికి తంతి ఇచ్చాం. జవాబు లేదు. ఆఖరి రోజుల్లో పడవ చప్పుడైతే చాలు, "మంగా, కనకం వచ్చాడేమో చూడవే" అని నాతో అనేది. ఒక ఉత్తరం ముక్క నా చేతిలో పని. అత్తయ్య పెట్టమనలేదయ్యా, అది అమ్మవారి కుండని నాకు తెలుసు, తెలిసీ దాని చుట్టూ ముగ్గేశాను అని రాస్తే వచ్చి ఉండేవాడేమో. ఆవిడకి ఆ సంగతి తెలుసని నాకు తెలుసు. అయినా ఆవిడ అడగలేదు, నేను రాయలేదు.

"వస్తున్నాడండీ, ఓడెక్కాడట" అనేదాన్ని. ఆవిడ నా మొహంలోకి చూసి, "సరేలే" అని కళ్ళు మూసుకునేది.